స్కోలిన్‌ను విరగ్గొట్టే జన్యువు

తమిళనాడులోని అరుప్పుకోట్టై, విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కలంతా నల్లరేగడి. వానను నమ్ముకుని పత్తి, పప్పుధాన్యాలు, చిరుధాన్యాలు వేసే మెట్టప్రాంతం. పత్తి ఉన్నచోట పురుగుమందు తప్పదు, పురుగుమందు ఉన్నచోట దాని బారిన పడి ఆసుపత్రికి వచ్చేవాళ్లూ తప్పరు. అలా వచ్చినవారికి రాసే రక్తపరీక్షల్లో సీరమ్ కోలినెస్టరేజ్ ఒకటి. చాలా ల్యాబులు లీటరుకు సుమారు 5,000 నుంచి 12,000 యూనిట్ల దాకా ఉంటే మామూలే అంటాయి. బాగా పడిపోయిందంటే ఆర్గానోఫాస్ఫేట్ విషం ఒంట్లోకి వెళ్లిందన్న అనుమానం బలపడుతుంది. అయితే ఆ అంకె దాదాపు సున్నాకు దిగి కూడా, పురుగుమందు గాలైనా సోకకుండా, నిక్షేపంగా తిరిగే మనుషులున్నారు. పాశ్చాత్య దేశాల్లో అలాంటివారు లక్షకు ఒకరు. తెలుగు మాట్లాడే ఒక సమూహంలో మాత్రం వందకు నలుగురి దాకా ఉంటారని అంచనా. ఆ సమూహం ఆర్యవైశ్యులు. దానికి కారణమైన జన్యులోపం ఏమిటో తేలింది కూడా తమిళనాడులోనే, కోయంబత్తూరులో. ఈ లోపాన్ని జబ్బు అనడం సరికాదు. జీవితమంతా ఏ బాధా పెట్టదు, ఒకటి రెండు మందులు ఒంట్లోకి ఎక్కినప్పుడు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే దీనికి వైద్యం కన్నా ముందస్తు కబురు ముఖ్యం. ఆ కబురు మత్తు డాక్టరుకు అందించే ఏర్పాటు మన దగ్గర ఇంకా కులం పేరు దగ్గరే ఆగిపోయిందని, అక్కడితో ఆగకూడదని నా అభిప్రాయం.

ఆ జన్యువు పేరు బీసీహెచ్ఈ. మూడో క్రోమోజోమ్ పొడవాటి భుజం మీద ఉంటుంది. దీని సూచన ప్రకారం కాలేయం 602 అమైనో ఆమ్లాల గొలుసు తయారుచేస్తుంది. ప్రోటీన్‌ను కణం బయటికి పంపడానికి పనికొచ్చే 28 అమైనో ఆమ్లాల ముందుభాగం తెగిపోయి, 574 మిగులుతాయి. అలాంటి గొలుసులు నాలుగు జతకూడి బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌గా రక్తంలో తిరుగుతాయి. ల్యాబు రిపోర్టులో సూడోకోలినెస్టరేజ్ అని కనిపించేదీ ఇదే. దీనికి ఒక అన్న ఉన్నాడు: ఎసిటైల్‌కోలినెస్టరేజ్. నాడి చివర నుంచి కండరానికి కదలమన్న ఆజ్ఞ మోసుకొచ్చే ఎసిటైల్‌కోలిన్ అణువును, పని కాగానే అక్కడికక్కడే రెండు ముక్కలు చేయడం అన్న పని. ఆ పని ఆగితే కండరాలు పట్టేస్తాయి, ఊపిరి ఆగుతుంది. ఆర్గానోఫాస్ఫేట్లు చంపేది ఈ దారినే. తమ్ముడికి అంత కచ్చితమైన ఉద్యోగం లేదు. రెండింటిలోనూ రసాయన చర్య జరిగే చోటు ఓ ఇరుకైన లోయలా ఉంటుంది. అన్న లోయ గోడల్లో పద్నాలుగు పెద్ద అమైనో ఆమ్లాలు బారులు తీరి దారిని ఇరుకు చేస్తే, తమ్ముడి లోయలో వాటిలో ఆరింటి స్థానంలో చిన్నవి ఉన్నాయి. దారి వెడల్పయింది. అందుకే ఎసిటైల్‌కోలిన్ కన్నా లావైన అణువులు కూడా లోపలికి దూరగలవు. మత్తుమందుగా వాడే ప్రొకెయిన్, మాదకద్రవ్యమైన కొకెయిన్, కొంతవరకు ఆస్పిరిన్ కూడా ఇక్కడ విరుగుతాయి. వాటన్నిటిలో మనకు ఇక్కడ ముఖ్యమైనది సక్సినైల్‌కోలిన్. మన ఆపరేషన్ థియేటర్లలో దాన్ని స్కోలిన్ అంటారు.

స్కోలిన్ అణువంటే రెండు ఎసిటైల్‌కోలిన్ అణువులను రెండు పూసల్లా ఒకే దారానికి గుచ్చినట్టు. 1951 ప్రాంతంలో వైద్యంలోకి వచ్చింది, ఇప్పటికీ పోలేదు. కారణం దాని వేగం. నరంలోకి ఎక్కించిన నిమిషం లోపే కనురెప్పలు, ముఖం, భుజాలు, చివరికి కాళ్ల దాకా కండరాలు సన్నగా అదురుతాయి, ఆ అదురు ఆగగానే ఒళ్లంతా సడలిపోతుంది. గొంతులో గొట్టం వేయడానికి దారి తేలికవుతుంది. కడుపు నిండా తిని ప్రమాదంలో పడ్డ మనిషికో, అత్యవసరంగా సిజేరియన్ చేయాల్సిన గర్భిణికో, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోకముందే గొట్టం పడాలి. అలాంటప్పుడు మత్తు డాక్టరు చెయ్యి ముందుగా పోయేది దీనివైపే. విద్యుత్ షాక్ చికిత్సలోనూ దీన్నే వాడతారు. దీని ప్రభావం ఐదు నుంచి పది నిమిషాల్లో పోతుంది. పోవడానికి కారణం బ్యుటిరిల్‌కోలినెస్టరేజే. ఎక్కించిన మందులో చాలాభాగాన్ని కండరం చేరకముందే రక్తంలోనే అది విరగ్గొట్టేస్తుంది. డాక్టర్లు లెక్కగట్టి ఇచ్చే మోతాదులో ఈ నష్టం కూడా కలిసే ఉంటుంది. అంటే ఎంజైమ్ లేని మనిషికి అదే మోతాదు పడితే, ఇవ్వాల్సినదానికన్నా ఎన్నో రెట్లు కండరాలకు చేరుతుంది. పైగా తొలగించే దారి లేక గంటల తరబడి అక్కడే ఉండిపోతుంది. పది నిమిషాలకు కదలాల్సిన ఛాతీ నాలుగైదు గంటలైనా, ఒక్కోసారి అంతకు మించైనా కదలదు. వెంటిలేటర్ ఆడుతున్నంత సేపూ ప్రాణానికి ఢోకా లేదు. ఈ సంగతి తెలియక మత్తు ఆపేస్తే మాత్రం మనిషికి మెలకువ వచ్చేస్తుంది. అన్నీ వినబడతాయి, నొప్పి తెలుస్తుంది, వేలు కూడా కదపలేడు. థియేటర్‌లో ఇంతకంటే ఘోరమైన స్థితి ఊహించడం కష్టం.

ఇది ఒంటి తత్వమనీ, వంశపారంపర్యమనీ కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు టొరంటోలో పనిచేసిన వెర్నర్ కాలో. 1957లో ఆయన డైబుకెయిన్ అనే మత్తుమందుతో ఒక తేలిక పరీక్ష రూపొందించారు. మామూలు ఎంజైమ్ పనిని ఆ మందు 80 శాతం దాకా అణిచేస్తుంది. వికృతరూపాన్ని 20 శాతమే అణచగలుగుతుంది. జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి మాత్రమే మారినవారిలో 60 దగ్గర ఆగుతుంది. ఒకే మందు ఒక్కో మనిషిలో ఒక్కోలా పనిచేయడానికి జన్యువులే కారణం కావచ్చన్న శాస్త్రం, ఫార్మకోజెనెటిక్స్, వేళ్లూనుకోవడంలో ఈ పని ఒక మైలురాయి. యూరప్ మూలాలవారిలో రెండు ప్రతులూ ఇలా మారినవారు సుమారు మూడు వేలకు ఒకరు. మనం చెప్పుకుంటున్నది ఇంకో రకం. ఇక్కడ ఎంజైమ్ వికృతం కాదు, దాదాపు పూర్తిగా లేకపోవడమే. దీన్ని సైలెంట్ రకం అంటారు. అణచడానికి ఎంజైమే లేనప్పుడు డైబుకెయిన్ అంకెకు అర్థం ఉండదు కాబట్టి, కాలో పరీక్షకు ఇది దొరకదు. మొత్తం ఎంత ఉందో కొలిచే మామూలు సీరమ్ కోలినెస్టరేజ్ పరీక్షకు మాత్రం ఇట్టే దొరుకుతుంది. పురుగుమందు కేసుల కోసం పత్తి ప్రాంతాల ఆసుపత్రులు రాసేది సరిగ్గా ఆ పరీక్షే.

ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో సైలెంట్ రకం అసాధారణంగా ఎక్కువని 1979లోనే ఒక అంతర్జాతీయ జన్యుశాస్త్ర పత్రికలో వచ్చింది. అసలు మార్పు ఎక్కడుందో చెప్పింది మాత్రం 2006లో వెలువడిన పరిశోధన. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో భూపతి బృందం, అమెరికాలోని నెబ్రాస్కాలో ఒక్సానా లాక్‌రిడ్జ్ బృందం కలిసి కోయంబత్తూరు వైశ్యుల రక్తం పరీక్షించారు. ఎంజైమ్ లేనివారిలో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ కనబడింది. డీఎన్ఏలో ఒక్క టీ బదులు ఒక్క సీ, అంతే తేడా. ప్రోలిన్ సంగతి ప్రోటీన్ శాస్త్రం చదివినవారికి కొత్త కాదు. అది పడినచోట గొలుసు వంపు మారి, మడత కుదరదు. మడత కుదరని ప్రోటీన్‌ను కణం బయటికి పోనివ్వదు. రక్తంలోకి ఎంజైమ్ రాదు. కోయంబత్తూరు వైశ్యుల్లో ఈ లోపం యూరప్, అమెరికా జనాభాతో పోలిస్తే దాదాపు 4,000 రెట్లు ఎక్కువని ఆ పరిశోధకులే చెప్పారు. లక్షకు ఒకరు అనే లెక్కను 4,000తో హెచ్చిస్తే వందకు నాలుగు వస్తుంది. రెండు ప్రతులూ చెడినవారు వందకు నలుగురుంటే, ఆ చెడు ప్రతి ఆ సమూహపు జన్యుసంపదలో ఐదో వంతు ఉన్నట్టు. ఆ లెక్కన ఒక్క ప్రతి మోసేవారు వందకు ముప్ఫై పైచిలుకే ఉండాలి. వాళ్లలో ఎంజైమ్ సగం మోతాదులో ఉంటుంది కాబట్టి సాధారణంగా ఏ తేడా తెలియదు. తెలియకుండానే పిల్లలకు అందుతుంది.

ఒక్క సమూహంలోనే ఇంత ఎక్కువెందుకు? దీనికి సమాధానం 2009లో నేచర్ పత్రికలో వచ్చింది. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు భారతీయ సమూహాల డీఎన్ఏను పోల్చి చూశారు. వైశ్యులంతా వందకు పైబడిన తరాల కిందటి కొద్దిమంది పూర్వీకుల సంతతి అనీ, అప్పటినుంచి ఇప్పటిదాకా బయటి సంబంధాలు దాదాపు లేనట్టేననీ తేల్చారు. ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరు ఈ మార్పు మోశారు. ఎవరికీ హాని చేయదు కాబట్టి ప్రకృతి దాన్ని ఏరిపారేయలేదు, సమూహంతోపాటు పెరిగింది. ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది: మేం సగోత్రంలో చేసుకోం, నూటరెండు గోత్రాలున్నాయి, రక్తం కలవదు కదా అని. గోత్రం తండ్రి వరసను మాత్రమే పట్టుకుంటుంది. తల్లి, తల్లి తల్లి, తండ్రి తల్లి వైపు నుంచి వచ్చే ప్రతులకు గోత్రం అడ్డు కాదు. మేనరికానికైతే గోత్రం దారే తెరుస్తుంది. గోత్రాలు వేరైనా మూలపురుషులు కొద్దిమందే అయినప్పుడు, ఏ ఇద్దరు వేరువేరు గోత్రాలవారిని తీసుకున్నా ఎక్కడో ఒకచోట ఒకే పూర్వీకుడి దగ్గర కలుస్తారు.

నల్లరేగడి సీమ తెలుగువాళ్లను చూస్తే ఇదే సంగతికి రెండో వైపు తెలుస్తుంది. విజయనగర, నాయకరాజుల కాలం నుంచి ఈ నేలకు వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ తరాలు గడిపారు. కోవిల్‌పట్టి పక్క ఇడైసేవల్ ఊరివాడైన కి. రాజనారాయణన్ ఆ వలసగాథనే తమిళంలో గోపల్ల గ్రామం అనే నవలగా రాశారు. భాష ఒకటే కదా అని ఈ ఎంజైమ్ లోపాన్ని తెలుగువాళ్లందరికీ అంటగడితే మాత్రం తప్పు. జన్యువుకు భాష తెలియదు, పెళ్లిసంబంధాల వలయమే తెలుసు. పక్కపక్క వీధుల్లో ఉంటూ ఒకే యాసలో తెలుగు మాట్లాడే రెండు కులాల మధ్య పెళ్లిళ్లు లేకపోతే, ఒకరి మార్పు రెండోవారికి చేరదు. కోయంబత్తూరులో ఉన్నా, గుంటూరులో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా వైశ్యుల్లో ఈ మార్పును వెతకడం సబబే. వాళ్లు ఊరు మారారు గాని, సంబంధాలు కలుపుకునే వలయాన్ని పెద్దగా మార్చలేదు.

లేకపోయినా మనిషి నిక్షేపంగా ఉంటే, అసలు ఈ ఎంజైమ్ ఎందుకు? ఉబుసుపోక వేసే ప్రశ్న కాదిది. పనికిరాని జన్యువును వెన్నెముక జీవులు ఇన్ని కోట్ల ఏళ్లు కాపాడుకోవు. బీసీహెచ్ఈ తీసేసిన ఎలుకలు బతికి పిల్లల్ని కన్నాయి గాని, కొవ్వు ఎక్కువున్న మేత పెడితే మిగతావాటికన్నా లావెక్కాయి. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ తీసేసిన ఎలుకలు కూడా పుట్టగలిగాయంటే, తమ్ముడు కొంతవరకు అన్న పని ఎత్తుకోవడమే కారణం. కోయంబత్తూరు వైశ్యుల్లోనే ఎంజైమ్ ఉన్నవారికీ లేనివారికీ మెదడు పనితీరును పోల్చిన 2007 నాటి అధ్యయనంలో పెద్ద లోపమేమీ కనబడలేదు. అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునే పాత్ర విషాన్ని పట్టుకోవడం. ఆర్గానోఫాస్ఫేట్ అణువు రక్తంలో ఎదురైతే ఈ ఎంజైమ్ దాన్ని తనలో బిగించుకుని, తాను పనికిరాకుండా పోయి, అన్నను కాపాడుతుంది. ఇది వినగానే, ఎంజైమ్ లేనివాళ్లు పురుగుమందుకు ఇట్టే బలైపోతారనిపిస్తుంది. ఒక్కసారి లెక్క వేద్దాం. లీటరు ప్లాస్మాలో ఇది సుమారు 5 మిల్లీగ్రాములు, ఒంట్లో మూడు లీటర్ల ప్లాస్మా, మొత్తం 15 మిల్లీగ్రాములు. ఒక్కో ఎంజైమ్ గొలుసు ఒక్క విషాణువునే పట్టగలదు, గొలుసేమో విషాణువు కన్నా కొన్ని వందల రెట్లు బరువు. క్లోర్‌పైరిఫాస్ ఒంట్లో మారి ఏర్పడే విషరూపాన్ని తీసుకుంటే, ఆ 15 మిల్లీగ్రాములూ కలిసి పట్టగలిగేది ఓ అరవై మైక్రోగ్రాములు. అంటే మిల్లీగ్రాములో పదహారో వంతు. డబ్బా ఎత్తి తాగినవాడికి ఈ కవచం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పిచికారీ చేస్తూ చర్మం మీద పడే కొద్దిపాటికి మాత్రం దీని ఉనికి లెక్కలోకి వస్తుంది. పురుగుమందుతో పనిచేసేవారికి ముందే ఒకసారి ఈ పరీక్ష చేసి అంకె రాసిపెట్టుకోవడం అందుకే మంచిది. కాలిఫోర్నియాలో అలాంటి నిబంధన 1974 నుంచే ఉంది.

ఆ ముందస్తు అంకెకు మన దగ్గర ఇంకో ఉపయోగం కూడా ఉంది. కోలినెస్టరేజ్ సున్నా అని రిపోర్టు రాగానే అది విషమే అనుకుంటే, పుట్టుకతోనే ఎంజైమ్ లేని మనిషికి లేని విషానికి వైద్యం మొదలవుతుంది, ఆత్మహత్యాయత్నమన్న నింద కూడా పడవచ్చు. కంటిపాప సూదిమొనంత కావడం, చొంగ, చెమట, గుండె నెమ్మదించడం లాంటి గుర్తులు లేకుండా అంకె ఒక్కటే పడిపోయి ఉంటే ఆగి ఆలోచించాలి. ఎర్ర రక్తకణాల్లోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను కొలిస్తే తేలిపోతుంది. విషమైతే రెండూ పడిపోతాయి, జన్యులోపమైతే ఇది మామూలుగానే ఉంటుంది. కాలేయం దెబ్బతిన్నా, గర్భిణిగా ఉన్నా మొదటి అంకె కొంత తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

కులం సంగతికి వద్దాం. వైశ్యులంటే స్కోలిన్ విషయంలో జాగ్రత్త అని మత్తు డాక్టర్లకు తెలుసు, వైద్యసాహిత్యంలోనూ ఉంది. ఒక కులానికి ఇలా ముద్ర వేయడం తగునా అని అడిగేవారున్నారు. వాళ్ల బాధలో న్యాయముంది: వందకు నలుగురే అయితే, పేరు చూసి తీర్పు చెబితే తొంభైఆరుమంది విషయంలో అది తప్పుడు తీర్పే. పైగా ఎంజైమ్ లోపం ఉన్న ఇంకో కులంవాడిని ఆ పద్ధతి వదిలేస్తుంది. అలాగని అర్ధరాత్రి ప్రమాదంలో వచ్చిన మనిషి రక్తం ల్యాబుకు పంపి, ఫలితం వచ్చేదాకా గొట్టం వేయకుండా కూర్చోలేరు. ఆ క్షణంలో సమూహం పేరు ఒక్కటే దొరికే ఆధారమైతే, దాన్ని వాడుకుని స్కోలిన్‌ను తప్పించడమే తెలివి. ముందే తేదీ ఖాయమైన ఆపరేషన్ల విషయం వేరు. అక్కడ రోజులకు రోజులు సమయముంటుంది. అప్పుడూ కులం అడిగి సరిపెట్టుకుని పరీక్ష రాయకపోతే, అది బద్ధకమే.

ఇంకో వాదన: స్కోలిన్ కాలం చెల్లింది, కండరాలను సడలించడానికి రోకురోనియం ఉందిగా అని. నిజమే, రోకురోనియానికి ఈ ఎంజైమ్‌తో పని లేదు. స్కోలినంత వేగం రావాలంటే మోతాదు పెంచాలి, పెంచితే దాని ప్రభావం గంట దాకా ఉండవచ్చు. దాన్ని వెంటనే విరిచే సుగమాడెక్స్ 2008లో యూరప్‌లో అనుమతి పొందింది గాని, ఖరీదెక్కువ, ప్రతి చిన్న నర్సింగ్‌హోమ్‌లో దొరకదు. స్కోలిన్ చవక. చిన్న పట్టణాల్లో అది వాడకంలో ఉన్నంతకాలం ఈ ప్రశ్న కూడా ఉంటుంది. కండరాలను సడలించే మైవాకురియంను విరిచేదీ ఈ ఎంజైమే, కాబట్టి ఆ మందు దగ్గరా ఇదే జాగ్రత్త. పొరపాటున స్కోలిన్ పడినా భయపడాల్సింది లేదు. వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగిస్తూ, దాని దారిన అది కరిగేదాకా ఓపిక పడితే చాలు. ఏం జరుగుతోందో మత్తు డాక్టరుకు స్ఫురించాలి, అంతే.

అందుచేత ఆర్యవైశ్య కుటుంబాలవారు, అరుప్పుకోట్టైలో ఉన్నా, ఆదోనిలో ఉన్నా, అమెరికాలో ఉన్నా, ఆపరేషన్ అనుకున్నప్పుడు సీరమ్ కోలినెస్టరేజ్ పరీక్ష అడిగి చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తేరుకోవడం గంటల తరబడి ఆలస్యమైతే, ఏ కులంవారైనా సరే, ఆ సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. అంకె సున్నా దగ్గరుంటే ఆ విషయం రాసిన కాగితాన్ని పర్సులో పెట్టుకోండి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించండి. తల్లిదండ్రులిద్దరూ చెరో ప్రతి మోసేవారైతే, ఆ తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ ఈ లోపం ఉండే అవకాశం నాలుగింట ఒకటి.